పోకర్ గెలుపుల మీద పన్ను లెక్కగట్టి రిటర్న్ వేయడం ఎలా?

పోకర్ ఆడేవాళ్ల ఐటీ రిటర్నులు చాలావరకు ఒకే మాట దగ్గర చెడిపోతాయి: "టీడీఎస్ (గెలుపు చేతికిచ్చే ముందే కోసుకునే పన్ను) పట్టుకున్నారు కదన్నా, ఇంగేం కట్టాల?" అనంతపురంలో రిటర్నులు వేసే పనిలో ఉన్నాను కాబట్టి ప్రతి జూలైలో ఈ మాట వింటూనే ఉంటాను. అడిగేవాళ్లలో కొందరికి అప్పటికే నోటీసు వచ్చి ఉంటుంది. అది రాకముందే కూర్చుంటే ఇది ఒక పూట పని.

మన రాష్ట్రంలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ పోకర్, రమ్మీల మీద 2020 నుంచే నిషేధం ఉంది. అందుకే ఇక్కడి కుర్రాళ్లు కొందరు బెంగళూరులో రూమ్ తీసుకుని ఆడారు, కొందరు గోవా క్యాసినోలకు వెళ్లారు. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టంతో దేశమంతటా యాప్‌లు డబ్బాటలు ఆపేశాయి. ఆట ఆగిందని పన్ను కూడా పోయిందనుకోవద్దు. ఆ ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా గెలిచింది, యాప్ మూసేటప్పుడు వాలెట్‌లోంచి తీసుకున్నది, అన్నీ 2025-26 లెక్కలోకే వస్తాయి. ఆటకు అనుమతి ఉందా లేదా అన్నది పన్ను శాఖ చూడదు. ఆదాయం వచ్చిందా లేదా అన్నదే చూస్తుంది.

కావాల్సినవి కొన్నే. పాన్, ఆధార్‌కు లింకైన మొబైల్, ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్లు, టీడీఎస్ పట్టిన ప్రతిచోటి నుంచీ దాని సర్టిఫికెట్ అయిన ఫారం 16ఏ. ఈ-ఫైలింగ్ సైట్ నుంచి 26ఏఎస్ (మీ పాన్ మీద జమైన పన్నుల పట్టిక), ఏఐఎస్ (మీ ఏడాది ఆదాయం, లావాదేవీల పట్టిక) దింపుకోండి. ఏఐఎస్ పీడీఎఫ్ పాస్‌వర్డ్ మీ పాన్ చిన్న అక్షరాల్లో, దాని వెంటే పుట్టిన తేదీ. వీటితో పాటు ఒక నోటుబుక్ ఉండాలి. తేదీ, ఎక్కడ ఆడింది, ఎంత పెట్టింది, ఎంత తీసింది అన్న నాలుగు గీతలు చాలు. ఫోన్‌లో రాసుకుంటాం అనేవాళ్లకు నేను ఒప్పుకోను. యాప్ హిస్టరీని అసలు నమ్మొద్దు, యాప్ మూతపడ్డాక చాలామంది దాని కోసమే తిరిగారు.

తర్వాత గెలుపులను రెండు కుప్పలుగా విడదీయండి. ఆన్‌లైన్‌లో గెలిచింది సెక్షన్ 115బీబీజే కిందికి వస్తుంది, దాని టీడీఎస్ 194బీఏ. క్యాసినోలో, క్లబ్బులో టేబుల్ ముందు కూర్చుని గెలిచింది 115బీబీ, దాని టీడీఎస్ 194బీ. రెండింటికీ పన్ను 30 శాతం, దాని మీద 4 శాతం సెస్, మొత్తం 31.2 శాతం. ఆదాయం 50 లక్షలు దాటితే సర్‌చార్జి అదనం. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టంలో ఈ నంబర్లు మారాయి కానీ, 2025-26 దాకా వచ్చిన ఆదాయానికి పాత నంబర్లే రాయాలి.

ఇక అసలు చిక్కు. నిదానంగా చదవండి, నోటీసుల్లో ఎక్కువ భాగం ఇక్కడ చేసిన తప్పులకే వస్తాయి.

కడప నుంచి ఒకాయన గోవా వెళ్లి మూడు టోర్నమెంట్లు ఆడాడనుకుందాం. ఒక్కోదానికి ఎంట్రీ 50,000. రెండు పోయాయి, మూడోదాంట్లో 3,00,000 వచ్చింది. బస్సు, లాడ్జి, తిండి కలిపి 20,000 అయింది. చేతిలో నిజంగా మిగిలింది 1,30,000. ఆయన ఆ అంకెనే ఆదాయంగా చూపిస్తాడు. అది తప్పు. సెక్షన్ 58(4) ప్రకారం ఈ రకం గెలుపుల్లోంచి ఏ ఖర్చూ తీయకూడదు. పోయిన రెండు ఎంట్రీలు తీయకూడదు, గెలిచిన దాని ఎంట్రీ కూడా తీయకూడదు. పన్ను పడేది పూర్తి 3,00,000 మీద. అంటే 93,600. చివరికి ఆయనకు మిగిలేది 36,400. వినడానికి అన్యాయంగానే ఉంటుంది, నాకూ అలాగే అనిపిస్తుంది. కానీ ఫారంలో చట్టం ఉన్నట్టే నింపాలి.

అదే లెక్కలో ఇంకోటి చూడండి. క్యాసినో వాళ్లు టీడీఎస్ 30 శాతమే పడతారు, 90,000. సెస్ కలపరు. కాబట్టి 3,600 మీరే కట్టాలి. "టీడీఎస్ పట్టుకున్నారు కదా" అనే మాట నిలబడనిది ఇక్కడే. ప్రతి గెలుపులోనూ ఈ తేడా ఉంటుంది. టీడీఎస్ అసలు పట్టని చిన్న గెలుపులు కూడా ఉంటాయి, 10,000 లోపు వస్తే క్యాసినో పట్టదు. పట్టకపోయినా అది ఆదాయమే, 31.2 శాతం అంతా మీరే కట్టాలి.

"నా జీతం ఆరు లక్షలేనన్నా, పన్నెండు లక్షల దాకా పన్ను లేదు కదా" అనే వాదన 2025 బడ్జెట్ తర్వాత బాగా పెరిగింది. ఆ రిబేటు జీతానికి పనికొస్తుంది. పోకర్ గెలుపుకు పనికిరాదు. ఉద్యోగం, వ్యాపారం ఏమీ లేనివాళ్లకు కూడా బేసిక్ మినహాయింపు దీనికి వర్తించదు. 80సీ లాంటి పొదుపు మినహాయింపులు కూడా ఇందులోంచి తీయడానికి లేదు. ఈ ఆదాయం మీద పట్టిన టీడీఎస్ రీఫండ్ వస్తుందని ఆశ చూపించి ఫీజు తీసుకునేవాళ్లు ఊళ్లో ఉన్నారు, వాళ్ల జోలికి పోవద్దు.

ఆన్‌లైన్ కుప్పకు మాత్రం లెక్క వేరు, కాస్త నయం కూడా. ఇక్కడ పన్ను నికర గెలుపు మీద. రూల్ 133 దాని లెక్క చెబుతుంది: ఏడాదిలో తీసుకున్న మొత్తంలోంచి మీరు వేసిన డబ్బు, ఏడాది మొదట్లో వాలెట్‌లో ఉన్న బ్యాలెన్స్ రెండూ తీసేయాలి. ఏప్రిల్ 1న వాలెట్‌లో 10,000 ఉంది, మీరు 1,00,000 వేశారు. మొదట 60,000 తీశారు, పెట్టినదానికంటే తక్కువే కాబట్టి టీడీఎస్ లేదు. తర్వాత ఇంకో 1,00,000 తీశారు. ఇప్పుడు మొత్తం తీసింది 1,60,000, అందులో 1,10,000 పోతే 50,000 గెలుపు, టీడీఎస్ 15,000. మార్చి 31న వాలెట్‌లో 20,000 మిగిలితే అది కూడా గెలుపే, తీయకపోయినా దాని మీద 6,000 పడతారు. మొత్తం గెలుపు 70,000, పన్ను 21,840, పట్టింది 21,000, మీరు కట్టాల్సింది 840. మిగిలిన 20,000 వచ్చే ఏడాదికి మొదటి బ్యాలెన్స్ అవుతుంది, దాని మీద రెండోసారి పన్ను పడదు. ఈ ముక్క మర్చిపోయి రెండేళ్లూ కట్టినవాళ్లున్నారు. కంపెనీ ఇచ్చిన బోనస్‌ను మీరు వేసిన డబ్బు కింద రాయొద్దు, మీ జేబులోంచి పోయిందే డిపాజిట్. ఒక కంపెనీలో పోగొట్టుకున్నది ఇంకో కంపెనీ టీడీఎస్ లెక్కలోకి రాదు.

ఫుల్‌టైమ్ ఆడేవాళ్లకు ఒక మాట. "ఇది నా వృత్తి, పోకర్ నైపుణ్యం ఆట, బిజినెస్ ఆదాయంగా చూపిస్తా" అంటారు. రమ్మీలో నైపుణ్యమే ప్రధానం అని సుప్రీంకోర్టు 1967లోనే చెప్పింది. అది అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కేసే, సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని మీద వచ్చింది. కానీ అది జూదం నేరమా కాదా అన్న కేసు. పన్ను చట్టం పేకాటలు, మరే రకమైన ఆటలైనా అని రాసుకుంది, నైపుణ్యం ఉందా లేదా అని అడగలేదు. దీన్ని ఐటీఆర్-4లో చూపించి, చిన్న వ్యాపారాలకు అంచనా లాభం చూపించే 44ఏడీ కింద 6 శాతం లాభమని వేసిన రిటర్నులు నా దగ్గరికి బాగుచేయడానికి వస్తాయి. 26ఏఎస్‌లో 194బీ అని కనబడుతుంటే ఆ కథ ఎలా నిలుస్తుంది? పోకర్ నేర్పించి తీసుకున్న ఫీజు, యూట్యూబ్ డబ్బు, స్పాన్సర్‌షిప్ మాత్రం నిజంగానే వృత్తి ఆదాయం. వాటిని వేరుగా ఐటీఆర్-3లో చూపించి, వాటికి సంబంధించిన ఖర్చులు తీసుకోవచ్చు.

ఫారం నింపడం తేలిక. వృత్తి ఆదాయం లేకపోతే ఐటీఆర్-2, ఐటీఆర్-1 పనికిరాదు. షెడ్యూల్ ఓఎస్‌లో (ఇతర ఆదాయాల పట్టికలో) 115బీబీ, 115బీబీజే వరుసలు వేర్వేరుగా ఉంటాయి. అదే షెడ్యూల్ చివర ఆదాయం ఏ తేదీల మధ్య వచ్చిందో అడిగే పట్టిక ఉంటుంది. జూన్ 15 దాకా, సెప్టెంబర్ 15 దాకా, అలా. దాన్ని ఖాళీగా వదలొద్దు, వదిలితే మార్చిలో గెలిచినదానికి జూన్ నుంచి వడ్డీ వేయించుకోవాల్సి వస్తుంది. టీడీఎస్ షెడ్యూల్‌లో ఎంత పన్ను క్లెయిమ్ చేస్తున్నారో దానికి సరిపడా ఆదాయం చూపించారా అని ఒకటికి రెండుసార్లు చూసుకోండి. టోర్నమెంటు దగ్గర పాన్ తప్పిచ్చినవాళ్లకు ఆ టీడీఎస్ 26ఏఎస్‌లో కనబడదు, కంపెనీ చేతే సరిచేయించాలి. విదేశంలో, అంటే కాఠ్మాండూ లాంటి చోట గెలిచింది కూడా ఇక్కడ చూపించాల్సిందే. అక్కడ పన్ను కట్టి ఉంటే ఫారం 67 వేసి దాని క్రెడిట్ తీసుకోవచ్చు.

మిగిలిన పన్ను ఈ-పే ట్యాక్స్‌లో మైనర్ హెడ్ 300 (సెల్ఫ్ అసెస్‌మెంట్ ట్యాక్స్) కింద కట్టండి. టీడీఎస్ పోగా కట్టాల్సింది 10,000 గానీ అంతకు మించి గానీ ఉంటే ఆ ఏడాదిలోనే మైనర్ హెడ్ 100 కింద అడ్వాన్స్ ట్యాక్స్ కట్టాలి. అసెస్‌మెంట్ ఇయర్ (ఆదాయం వచ్చిన ఏడాదికి తర్వాతి ఏడాది) ఎంచుకునేటప్పుడు జాగ్రత్త, 2025-26 ఆదాయానికి అది 2026-27. రిటర్న్ వేశాక 30 రోజుల్లో ఆధార్ ఓటీపీతో ఈ-వెరిఫై చేయాలి, లేకపోతే వేయనట్టే.

పాత ఏడాదుల గెలుపులు చూపించనివాళ్లు అప్‌డేటెడ్ రిటర్న్ వేయొచ్చు. అసెస్‌మెంట్ ఇయర్ ముగిశాక 12 నెలల్లోపు అయితే పన్ను, వడ్డీల మీద 25 శాతం అదనం, 24 నెలల్లోపు 50, 36 లోపు 60, 48 లోపు 70. రీఫండ్ అడగడానికి ఇది పనికిరాదు.