వేసవి సెలవుల్లో పిల్లల అప్పగింత: పోలీసులు గుమ్మం దాకా రాకముందే

విడాకులైన ఇళ్లలో ఏప్రిల్ ఆఖరి వారం నుంచే టెన్షన్ మొదలవుతుంది. బిడ్డ తల్లి దగ్గరుంటే, సెలవుల్లో కొన్నాళ్లు తండ్రి దగ్గరికి పంపాలని చాలా కోర్టు ఆర్డర్లలో ఉంటుంది. తీరా ఆ రోజు మేనమామ గేటుకు తాళం వేస్తాడు. తండ్రి వైపువాళ్లు రెండు కార్లలో దిగుతారు. ఎవరో 112కు ఫోన్ చేస్తారు. లోపల పిల్ల బట్టల బ్యాగు ఒళ్లో పెట్టుకుని, బయటి కేకలన్నీ వింటూ ఉంటుంది.

అందుకే ఇప్పుడే ఆర్డరు తీసి చదవండి. తేదీ, టైము, అప్పగించే చోటు స్పష్టంగా లేకపోతే లాయరుతో పిటిషన్ వేయించండి. మేలో సివిల్ కోర్టులకు సెలవులు, అప్పుడు పరుగెత్తినా పని జరగడం కష్టం. ఫీజు కట్టలేని తల్లులు ఉచిత న్యాయసాయం నంబరు 15100కు ఫోన్ చేయండి. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు.

అప్పగింత ఇంటి దగ్గర వద్దు. కోర్టు ఆవరణో, ఇద్దరికీ తెలిసిన మరో చోటో అడగండి. బాబాయిలు, మామయ్యలు ఎవరూ వెంట రాకూడదు. నేను చూసినంతలో గొడవ పెంచేది ఎక్కువగా వాళ్లే.

అక్కడ బిడ్డను కొడతారన్న భయం నిజంగా ఉంటే తలుపు వేసుకుని కూర్చోవద్దు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పండి, ఆర్డరు మార్చమని కోర్టును అడగండి.

పోలీసులు వచ్చేశారా? తలుపు తీసి, పెద్దవాళ్లలో ఒక్కరే మాట్లాడండి. కోర్టు ఆర్డరో వారెంటో ఉంటే చూపించమని మర్యాదగా అడగండి. బిడ్డను అక్రమంగా నిర్బంధించారని నమ్మితే మేజిస్ట్రేటు సెర్చ్ వారెంటు ఇవ్వగలరు. కానిస్టేబుల్‌ను తోశారో, భారతీయ న్యాయ సంహిత (క్రిమినల్ చట్టం) సెక్షన్ 132 కింద రెండేళ్ల దాకా జైలు పడే కేసవుతుంది. రేపు కస్టడీ వాదనలో అవతలివాళ్లు దాన్నే ముందు పెడతారు. కోపంలో కిరోసిన్ డబ్బా అందుకునే మనిషి ఇంట్లో ఉంటే ఆ డబ్బా ముందురోజే తీసేయండి. చచ్చిపోతానన్న మాటను బెదిరింపని కొట్టిపారేయకండి, పక్కనే ఉండి మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ కలపండి.

పోలీసుల ముందు "నీకు అమ్మ ఇష్టమా, నాన్న ఇష్టమా" అని బిడ్డను అడగనివ్వకండి, మీరూ అడగకండి.

తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లకూ ఒక మాట. పంపకపోతే గేటు దూకొద్దు. వచ్చిన టైము రాసుకుని, మెసేజ్ పెట్టి వెనక్కి వెళ్లండి. ఆర్డరు అమలు చేయించమని, అవసరమైతే పోలీసు సాయం ఇప్పించమని అదే కోర్టులో పిటిషన్ వేయండి.