పెద్ద కంపెనీ టేపే గాని నిలవట్లేదా? తేడా ఎక్కడుందో ఇలా పట్టుకోండి

దక్షిణ ఒడిశాలో రాయగడ, గుణుపురం, సిమిలిగూడ వైపు ఏ రిపేరు షెడ్డుకెళ్ళినా ఈ మాట వినిపిస్తాది, "పేరున్న కంపెనీదే కొన్నాం అన్నా, అయినా ఊడిపోయింది, క్వాలిటీ పడిపోయింది" అని. నిజానికి చాలాసార్లు క్వాలిటీ పడిపోలేదు, మన పనికి పనికొచ్చే గ్రేడు మన చేతికి రాలేదు అంతే. పెద్ద కంపెనీలన్నీ ఒకే పేరు మీద పది రకాల రేటుకి పది రకాల సరుకు అమ్ముతాయి, అందుకే కంపెనీ పేరు కాదు, రోల్ లోపలి అట్ట మీదున్న నంబరు చూడాలి.

త్రీఎం (3M) అనే కంపెనీ వాళ్ళ నల్ల వైరింగ్ టేపులే తీసుకోండి. సూపర్ 33 ప్లస్, టెంఫ్లెక్స్ 1700, రెండూ నల్లగానే ఉంటాయి, మందం కూడా రెండూ 0.18 మిల్లీమీటర్ల దగ్గరే, రెండూ 600 వోల్టులకే. కానీ మొదటిది 105 డిగ్రీల వేడి వరకు, రెండోది 80 వరకే. ఇంట్లో స్విచ్ బోర్డుకి రెండోది చాలు, ఇంజన్ పక్క వైరుకి చాలదు. కంటితో చూసి ఎవరూ చెప్పలేరు.

వైరు టేపు చివర లేచిపోతోంది, జిగురు కారుతోంది

చివర మాత్రమే లేస్తుంటే అది దాదాపు చుట్టే పద్ధతిలో తప్పే. చుట్టేటప్పుడు టేపు సాగదీస్తూ సగం మీద సగం పడేలా రావాలి, ఆఖరి చుట్టు మాత్రం అస్సలు లాగకుండా మెల్లగా వేసి బ్లేడుతో కోసి వేలితో నొక్కాలి. మనవాళ్ళు చివర గట్టిగా లాగి తెంపుతారు, సాగిన టేపు మళ్ళీ వెనక్కి ముడుచుకుంటాది, దాంతో చివర లేచి దుమ్ము పడతాది, ఇంకెక్కడ అంటుకుంటాది. వైరు మీద గ్రీజు ఉన్నా ఇంతే, ముందు గుడ్డతో తుడవండి.

జిగురు కారి చేతికి నల్లగా అంటుతోందంటే రెండు కారణాలు, ఒకటి చౌక టేపు, రెండోది అసలు జాయింటే వేడెక్కడం. ఈ రెండోది దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. మెలి వదులైతే అక్కడ కరెంటు వేడి పుట్టిస్తాది, ఎంత మంచి టేపు వేసినా మళ్ళీ కాలుతాది. మెయిన్ ఆపి టేపు విప్పి చూడండి, రాగి రంగు మారి ఉంటే అక్కడి వరకు కోసేసి కొత్త జాయింటు వేయాలి.

మాస్కింగ్ టేపు కింద పెయింటు పాకేస్తోంది, తీస్తే జిగురు మిగులుతోంది

మాస్కింగ్ టేపు పుట్టిందే ఈ పని కోసం. 1925లో త్రీఎంలో రిచర్డ్ డ్రూ, రెండు రంగుల కార్లకి పెయింటేసే వాళ్ళ అవస్థ చూసి తయారుచేశాడు. పెయింటు పాకిందంటే అంచు నొక్కలేదని అర్థం, గోరుతోనో పాత ప్లాస్టిక్ కార్డుతోనో అంచు వెంట ఒకసారి గట్టిగా రుద్దండి, మొదటి కోటు పల్చగా వేయండి. జిగురు మిగిలితే మాత్రం ఎండ, ఆలస్యం. మామూలు పసుపు మాస్కింగ్ టేపు ఆ రోజుకారోజు తీసేయాలి, రెండు వారాలు ఉండాలంటే నీలం టేపు వేరే ఉంది, దాని గ్రేడు మీద 14 రోజులు అని రాసే ఉంటాది. మిగిలిన జిగురుకి కొంచెం వేడి గాలి తగిలించి మరో టేపు ముక్కతో అంటించి లాగండి, కొత్త పెయింటు మీద థిన్నర్ పోస్తే పెయింటే లేచిపోతాది.

డబుల్ సైడ్ ఫోమ్ టేపు పొద్దున అంటిస్తే సాయంత్రానికి ఊడిపోతోంది

కోరాపుట్, సిమిలిగూడ వైపు ఇది చలికాలం సమస్య. డిసెంబరు, జనవరిలో అక్కడ పొద్దున్న 10 డిగ్రీల కిందకి పోతాది, వీహెచ్‌బీ (త్రీఎం వాళ్ళ గట్టి డబుల్ సైడ్ ఫోమ్ టేపు) లాంటి ఆక్రిలిక్ జిగురు టేపు 10 డిగ్రీల లోపు అంటించకూడదనే కంపెనీ చెప్తాది, బాగా పట్టాలంటే 21 నుంచి 38 డిగ్రీలు కావాలి. అంటే పని మధ్యాహ్నం ఎండ వచ్చాక పెట్టుకోవాలి, లేదా ఆ పార్టుని వేడి గాలితో వెచ్చబెట్టి తర్వాత అంటించాలి. ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్ళు సగం సగం కలిపి తుడవండి, డీజిల్‌తో కాదు, డీజిల్ పొర మిగిలిపోతాది. అంటించాక రోలర్‌తో గట్టిగా నొక్కాలి. 20 నిమిషాలకి సగం పట్టు, 24 గంటలకి 90 శాతం, పూర్తి పట్టుకి 72 గంటలు. సాయంత్రానికి బండి కడిగి హైవే ఎక్కించేస్తే టేపుని అనడం న్యాయం కాదు. ఇన్ని చేసినా బంపర్ లాంటి ప్లాస్టిక్ మీద నిలవకపోతే ఆ ప్లాస్టిక్‌కి ప్రైమర్, అంటే టేపు పట్టడానికి ముందు పూసే మందు కావాలి.

ఎమ్రీ పేపర్ గింజలు రాలిపోతున్నాయి

నీళ్ళలో తడిపి వాడారా? వెనక వాటర్‌ప్రూఫ్ అని లేకపోతే అది పొడి పేపరే, తడిపితే జిగురు వదిలేస్తాది. వానాకాలం షెడ్డులో చుట్టి పెట్టినవి చెమ్మ పట్టి ముడుచుకుంటాయి, బల్లపరుపుగా మూటకట్టి పైన ఉంచండి. గీతలు పడుతున్నాయంటే 80 నంబరు గరుకు పేపర్ నుంచి ఏకంగా 400 నంబరు నున్నటి పేపర్‌కి దూకారు, మధ్యలో 150, 240 వేయాలి.

కటింగ్ వీల్ మాత్రం టేపులాంటి వ్యవహారం కాదు, పగిలితే మొహమే పోతాది. మధ్యలో ఉన్న లోహపు రింగు మీద గడువు ముగిసే నెల, సంవత్సరం కొట్టి ఉంటాయి, అది తయారైన మూడేళ్ళకి పడతాది. గడువు దాటినా, నీళ్ళలో తడిసినా పారేయండి. వీల్ మీద రాసిన ఆర్పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు తట్టుకుంటాదో ఆ లెక్క) మీ గ్రైండర్ ఆర్పీఎం కంటే తక్కువుంటే తగిలించనే వద్దు.

ఇక డూప్లికేట్. మన దగ్గరికి సరుకు విశాఖ నుంచో బరంపురం నుంచో వస్తాది, దారిలో ఎన్ని చేతులు మారిందో తెలీదు. అట్ట మీద నంబరు లేకపోయినా, అక్షరాలు అలికినట్టున్నా, బిల్లు ఇవ్వనన్నా ఆ రోల్ వదిలేయండి. షాపు ముందు ఎండలో వేలాడదీసిన రోల్ అసలుదే అయినా వద్దు, లోపలి డబ్బాలోంచి తీసివ్వమనండి. వాడేటప్పుడు అట్ట గొట్టం, కవరు రోల్ అయిపోయేవరకు పారేయకండి, తేడా వస్తే డీలరు బ్యాచ్ నంబరే అడుగుతాడు.