చలికాలపు కూరగాయల సూప్: నీళ్ళు పోయకముందే రుచి పుట్టాలి

చలి ముదిరిన సాయంత్రం ఇంటిల్లిపాదికీ వేడిగా, కడుపు నిండేలా, తక్కువ ఖర్చులో ఏదైనా వండాలంటే కూరగాయల సూప్‌కు సాటి వచ్చే వంటకం నాకు ఇంతవరకూ కనిపించలేదు. అయితే పాలు, వెన్న, మీగడ, మాంసపు రసం వంటివేవీ వాడకుండా, అంటే పూర్తిగా వీగన్ పద్ధతిలో చేసిన సూప్ చప్పగా, నీళ్ళనీళ్ళగా ఉంటుందనే అభిప్రాయం చాలామందిలో బలంగా ఉంది. తరిగిన ముక్కలన్నిటినీ ఒకేసారి గిన్నెలో వేసి, నీళ్ళు పోసి, మూత పెట్టి ఉడికిస్తే ఆ అభిప్రాయం నిజమే అవుతుంది. నేను మొదటిసారి సరిగ్గా అలాగే చేశాను. అరగంట తర్వాత మూత తీసి చూస్తే బంగాళాదుంప ముక్కల నడిమి భాగం ఇంకా గట్టిగానే ఉంది, క్యాబేజీ మాత్రం పీలికలై తేలుతోంది, ఉల్లిపాయ పచ్చివాసన పోనే లేదు. ఆ తర్వాత ఎన్నో శీతాకాలాలుగా వండుతూ నేర్చుకున్నదేమిటంటే, సూప్ రుచిలో సగం నీళ్ళు పోయకముందే గిన్నె అడుగున తయారవుతుంది, మిగిలిన సగం ఏ ముక్క ఎప్పుడు గిన్నెలో పడిందన్న దానిమీద ఆధారపడుతుంది.

నలుగురికి ఒక పూట భోజనంగా సరిపోయే సూప్‌కు మధ్యరకం ఉల్లిపాయలు 2, క్యారెట్లు 2, బంగాళాదుంపలు 2, బాగా పండిన టమాటాలు 3, క్యాబేజీ సుమారు 200 గ్రాములు, ఎర్రపప్పు 100 గ్రాములు, వెల్లుల్లి రెబ్బలు 4, నూనె 2 పెద్ద చెంచాలు, బిర్యానీ ఆకు 1, మిరియాల పొడి అర చెంచా, నీళ్ళు లీటరున్నర, తగినంత ఉప్పు, చివర్లో పిండడానికి అరచెక్క నిమ్మకాయ ఉంటే చాలు. వీటిలో ఏ కూరగాయ దొరకకపోయినా, ఆ రోజు ఖరీదుగా ఉన్నా దాని బదులు మరొకటి నిరభ్యంతరంగా వేసుకోవచ్చు. గుమ్మడికాయ, ముల్లంగి, బీన్స్, పచ్చి బఠానీ, కాలీఫ్లవర్ కాడలు అన్నీ ఇందులో ఇమిడిపోతాయి. కానీ ఉల్లిపాయను, పప్పును మాత్రం మానవద్దని నా మనవి, ఎందుకంటే మొదటిది రుచికి పునాది, రెండవది చిక్కదనానికీ కడుపు నిండడానికీ ఆధారం. ఎర్రపప్పు పొట్టు తీసి చీల్చిన గింజ కాబట్టి నానబెట్టకుండానే 15 నుంచి 20 నిమిషాల్లో కరిగినట్టుగా ఉడికిపోతుంది. 100 గ్రాముల పప్పులో సుమారు 24 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి కనుక ఈ సూప్ ఆకలిని కాసేపు మరిపించే పానీయంలా కాక నిజమైన భోజనంలా పనిచేస్తుంది.

కూరగాయలు కొనేటప్పుడు కాస్త వాడినవీ, దెబ్బ తగిలినవీ తక్కువ ధరకు దొరికితే సంతోషంగా తీసుకోవచ్చు, సూప్‌లో వాటి అందం ఎవరికీ కనిపించదు. దెబ్బ తగిలినంత మేర కోసి పారేస్తే సరిపోతుంది. బూజు పట్టి మెత్తబడినవి, పచ్చరంగు తిరిగి చేదెక్కిన బంగాళాదుంపలు మాత్రం చవకగా వచ్చినా వద్దు. ఆ పచ్చదనం ఉన్నచోట సొలనిన్ అనే విషపదార్థం పేరుకుని ఉండవచ్చు, అది ఉడికించినా పోదు. క్యాబేజీ నడుమ ఉండే గట్టి కాడను చాలామంది పారేస్తారు గాని, దాన్ని సన్నగా తరిగి ఉల్లిపాయతో కలిపి మగ్గిస్తే తియ్యగా ఉంటుంది. కొత్తిమీర కాడలను కూడా అలాగే వాడుకోవచ్చు.

ముక్కల పరిమాణం గురించి ఒక్క మాట చెప్పాలి. ఉల్లిపాయను, క్యాబేజీ కాడను వీలైనంత సన్నగా, క్యారెట్‌ను చిటికెన వేలి గోరంత, బంగాళాదుంపను దానికి రెట్టింపుగా తరగాలి. ఏ కూరగాయ ముక్కలైనా తమలో తాము ఒకే పరిమాణంలో ఉంటే అన్నీ ఒకేసారి ఉడుకుతాయి. ఒక చెంచాలో రెండు మూడు రకాల ముక్కలు పట్టేలా ఉంటే తినడానికి హాయిగా ఉంటుంది.

ఉల్లిపాయ మగ్గించడం

ఈ వంటలో తొందరపడకూడని ఘట్టం ఇదొక్కటే. అడుగు మందంగా ఉన్న గిన్నెలో నూనె వేడిచేసి, ఉల్లిపాయ తరుగు, అర చెంచా ఉప్పు వేసి, సెగ తగ్గించి మూత పెట్టాలి. ఉప్పు వేయడం రుచి కోసమే కాదు, అది ముక్కల్లోని నీటిని బయటికి లాగి అవి మాడకుండా మగ్గేలా చేస్తుంది. మొదటి రెండు మూడు నిమిషాలు గిన్నెలోంచి తడి చిటపటలు గట్టిగా వినిపిస్తాయి, కళ్ళు మండించే ఘాటు పైకి లేస్తుంది. ఐదారు నిమిషాలకు ఆ చప్పుడు నెమ్మదించి, ముక్కల అంచులు గాజులా పారదర్శకంగా మారతాయి. చాలామంది ఇక్కడే నీళ్ళు పోసేస్తారు, అది తొందరపాటు. మరో పది నిమిషాలు అప్పుడప్పుడు గరిటెతో కలుపుతూ ఆగితే ముక్కలు సగానికి కుంగి, లేత బంగారు రంగుకు తిరిగి, ఘాటు స్థానంలో కమ్మని తియ్యని వాసన వస్తుంది. ఒక ముక్కను గరిటె వెనుక నొక్కితే అడ్డు లేకుండా నలిగిపోవాలి. ఉల్లిపాయలోని ఘాటైన గంధకపు పదార్థాలు వేడికి మారిపోవడం, సహజంగా ఉన్న చక్కెరలు పైకి తేలడం వల్ల వచ్చే ఈ రుచి నీళ్ళలో ఎంతసేపు ఉడికించినా రాదు, ఎందుకంటే నీళ్ళున్న గిన్నెలో వేడి 100 డిగ్రీల సెల్సియస్ దాటదు, కూరగాయలకు చక్కగా రంగు తిరగడానికి అంతకంటే ఎక్కువ వేడి, తడి లేని అడుగు కావాలి.

ఆ తర్వాత క్యారెట్ ముక్కలు, క్యాబేజీ కాడ తరుగు వేసి మరో ఐదు నిమిషాలు మగ్గించాలి. క్యారెట్‌కు రంగునిచ్చే బీటా కెరోటిన్ నూనెలో కరిగేది గాని నీటిలో కరిగేది కాదు కాబట్టి, ఈ దశలో నూనె నెమ్మదిగా నారింజ రంగులోకి మారడం కళ్ళారా చూడవచ్చు. ఆ నూనెతో పాటు తిన్నప్పుడే శరీరం దాన్ని బాగా గ్రహిస్తుంది. నూనెను పూర్తిగా మానేసి సూప్ చేయాలనుకునేవారికి నేను రెండు చెంచాలైనా ఉంచుకోమనే చెబుతాను. వెల్లుల్లిని చితక్కొట్టి ఈ మగ్గించడంలో చివరి నిమిషంలోనే వేయాలి, ముందుగా వేస్తే మాడి చేదు దిగుతుంది.

గిన్నె అడుగున గోధుమరంగు పొర పట్టి ఉంటే అది మాడు అనుకుని భయపడనవసరం లేదు. ఒక గరిటెడు వేడినీళ్ళు పోసి చెక్క గరిటెతో గీకితే అదంతా కరిగి సూప్‌లో కలుస్తుంది, అసలైన రుచి దానిలోనే ఉంది. నల్లగా మారి ఘాటుగా పొగ వాసన వస్తుంటే మాత్రం గీకకుండా పైనున్న ముక్కలను వేరే గిన్నెలోకి మార్చుకోవాలి.

పులుపు వెనుక, మెత్తనిది చివర

ఇప్పుడు కడిగిన ఎర్రపప్పు, బంగాళాదుంప ముక్కలు, బిర్యానీ ఆకు వేసి, మిగిలిన నీళ్ళను వేడిగా పోయాలి. పొంగు రాగానే పైన తేలే నురుగును తీసేసి, సెగ తగ్గించి, మూతను కొద్దిగా వారగా పెట్టి 15 నిమిషాలు ఉడకనివ్వాలి. టమాటా ఇంకా వేయకూడదు. పులుపు తగిలితే కూరగాయల కణాల గోడలను పట్టి ఉంచే పెక్టిన్ త్వరగా కరగదు, పప్పు కూడా మెత్తబడడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. నా మొదటి సూప్‌లో దుంపలు గట్టిగా ఉండిపోవడానికి కారణం అదేనని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

దుంప ముక్కలో చాకు మొన సులువుగా దిగినప్పుడు టమాటా తరుగు వేసి ఐదు నిమిషాలు, ఆ పైన సన్నగా తరిగిన క్యాబేజీ వేసి మరో ఏడెనిమిది నిమిషాలు ఉడికించాలి. క్యాబేజీ ఎక్కువసేపు ఉడికేకొద్దీ దానిలోంచి గంధకపు వాయువులు ఎక్కువగా వెలువడతాయి, ఇల్లంతా పట్టే ఆ వాసనకు మూలం అదే. పాలకూర వంటి ఆకుకూరలు గాని, పచ్చి బఠానీ గాని వేస్తే దించే ముందు రెండు మూడు నిమిషాలు చాలు. అంతకు మించితే వేడికీ టమాటా పులుపుకూ ఆకుపచ్చ రంగు మట్టిరంగులోకి మారిపోతుంది.

మీగడ లేకుండా చిక్కదనం రావాలంటే గిన్నెలోని ముక్కల్లో మూడో వంతును గిన్నె గోడకు ఆనించి పప్పుగుత్తితో మెదిపితే చాలు. బంగాళాదుంపలోని పిండిపదార్థం, కరిగిన పప్పు కలిసి పులుసును వెన్నలా నున్నగా చేస్తాయి, మిగిలిన ముక్కలు పంటికి తగులుతూ ఉంటాయి. మొత్తాన్నీ మిక్సీలో వేసి పూర్తిగా మెత్తగా చేయడం నాకు నచ్చదు, ముక్కలు నమిలి తినడంలోనే ఈ సూప్ ఇచ్చే తృప్తి ఉంది. పిల్లల కోసమో, నమలలేని పెద్దల కోసమో అలా చేయవలసి వస్తే, వేడి తగ్గాక, జారును సగం వరకే నింపి తిప్పాలి. వేడి సూప్‌ను నిండుగా పోసి తిప్పితే ఆవిరి ఒత్తిడికి మూత ఎగిరి ఒళ్ళు కాలే ప్రమాదం ఉంది.

గిన్నె దించాక మిరియాల పొడి కలిపి, ఒక చెంచా చల్లార్చి రుచి చూడాలి. ఏదో వెలితిగా అనిపిస్తే వెంటనే ఉప్పు వేయకుండా ముందుగా నిమ్మరసం నాలుగు చుక్కలు పిండి మళ్ళీ రుచి చూడండి. చాలాసార్లు లోటు పులుపులోనే ఉంటుంది. నిమ్మరసాన్ని పొయ్యి మీద ఉండగా పోయకపోవడానికి ఇంకో కారణమూ ఉంది. విటమిన్ సి వేడికి నశిస్తుంది, అది మిగిలి ఉంటే పప్పులోని ఇనుమును శరీరం గ్రహించడానికి తోడ్పడుతుంది. ఒకవేళ ఉప్పు ఎక్కువైతే బంగాళాదుంప ముక్క వేస్తే పీల్చుకుంటుందన్న నమ్మకాన్ని పట్టుకోకండి. దుంప ఉప్పుతో పాటు నీళ్ళనూ పీలుస్తుంది గనుక మిగిలిన సూప్ ఉప్పగానే ఉంటుంది. వేడినీళ్ళు, విడిగా ఉప్పు లేకుండా ఉడికించిన పప్పు కలపడమే సరైన మార్గం.

ఎర్రపప్పు బదులు రాజ్మా వాడాలనుకుంటే ఒక జాగ్రత్త తప్పనిసరి. పచ్చి రాజ్మాలో కడుపును తీవ్రంగా ఇబ్బంది పెట్టే లెక్టిన్ ఉంటుంది కాబట్టి రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో కనీసం 10 నిమిషాలు తెర్లుతూ మరిగించి, ఆ తర్వాత పూర్తిగా మెత్తబడేదాకా విడిగా ఉడికించాకే సూప్‌లో కలపాలి. రుచి కోసం బజారులో దొరికే సూప్ బిళ్ళలు వాడేవారు వెనుక ఉన్న అక్షరాలను తప్పక చదవాలి. కూరగాయల బొమ్మ ఉన్న కొన్ని రకాల్లోనూ పాలపొడి కలుస్తుంది, ఉప్పు కూడా మోతాదు మించి ఉంటుంది. ఉల్లిపాయను పైన చెప్పినట్టు మగ్గించినవారికి వాటి అవసరమే రాదని నేను అనుభవంతో చెప్పగలను.

ఈ సూప్ మరుసటి రోజుకు మరింత రుచిగా ఉంటుంది కాబట్టి రెట్టింపు వండి దాచుకోవడం గ్యాస్‌నూ సమయాన్నీ ఆదా చేస్తుంది. పెద్ద గిన్నెలో అలాగే వదిలేస్తే నడిమి భాగం గంటల తరబడి గోరువెచ్చగా ఉండి పాడవుతుంది. లోతు తక్కువ ఉన్న పాత్రల్లోకి పంచి, రెండు గంటల లోపు ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు నిలుస్తుంది. ఫ్రీజర్‌లో రెండు మూడు నెలలు ఉంచవచ్చు గాని, కరిగాక బంగాళాదుంప ముక్కలు ఇసుకలా పలుకులుగా మారతాయి కనుక అలా దాచే భాగాన్ని ముందే పూర్తిగా మెదిపి పెట్టుకోవడం మంచిది. పప్పు రాత్రంతా నీటిని పీల్చి సూప్‌ను ముద్దలా చేస్తుంది, అందుచేత వేడిచేసేటప్పుడు ఒక గ్లాసు నీళ్ళు కలిపి, అడుగంటకుండా కలుపుతూ పూర్తిగా మరిగించి, గిన్నెల్లో వడ్డించాక ఒక్కొక్కదానిలో మళ్ళీ తాజాగా నిమ్మరసం పిండాలి.