లోన్ పెట్టి విదేశంలో ఇల్లు కొనడం ఎలా? బయానా ఇచ్చే ముందే తేల్చుకోవాల్సినవి

విదేశంలో ఇల్లు కొనేవాళ్ల కాగితాలు చూడటం నాకు రోజూ ఉండే పనే. డబ్బు పోగొట్టుకున్నవాళ్లలో చాలామంది ఎంచుకున్న ఇంట్లో లోపమేమీ ఉండదు. వాళ్లు తప్పేది వరస. ఇల్లు నచ్చుతుంది, బయానా ఇచ్చేస్తారు, ఆ తర్వాత తీరిగ్గా లోన్ కోసం బ్యాంకుకు వెళ్తారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, బ్యాంకు ఇంకా నోరు విప్పకముందే ఏ గదిలో ఎవరు పడుకోవాలో కూడా తేల్చేసుకుంటారు. అలా కాకుండా వరస ఎలా ఉండాలో చెప్తాను.

1. అసలు కొననిస్తారా?

ఒక సాయంత్రం కూర్చుంటే తేలిపోయే విషయం ఇది. అయినా చాలామంది ఏజెంటు మాట మీద వదిలేస్తారు. థాయిలాండ్‌లో విదేశీయుడు తన పేరు మీద భూమి కొనలేడు. కాండో (అపార్ట్‌మెంట్ ఫ్లాట్) కొనవచ్చు, కానీ భవనంలోని ఫ్లాట్లన్నిటి మొత్తం విస్తీర్ణంలో విదేశీయుల వాటా 49 శాతం దాటకూడదు. కొన్న డబ్బు విదేశీ కరెన్సీలోనే బయటి నుంచి వచ్చిందని బ్యాంకు ఇచ్చే కాగితం కూడా రిజిస్ట్రేషన్‌లో అడుగుతారు. మెక్సికోలో సముద్ర తీరానికి 50 కిలోమీటర్లు, సరిహద్దుకు 100 కిలోమీటర్ల లోపల ఉన్న ఇల్లు మీ పేరు మీదకు నేరుగా రాదు, బ్యాంకు ట్రస్టు ద్వారా, అంటే కాగితం మీద బ్యాంకు పేరు, అనుభవించే హక్కు మీది అన్న ఏర్పాటుతో తీసుకోవాలి. సింగపూర్‌లో 2023 ఏప్రిల్ 27 నుంచి విదేశీయులు అదనపు స్టాంపు డ్యూటీయే 60 శాతం కట్టాలి. ఆస్ట్రేలియాలో 2025 ఏప్రిల్ 1 నుంచి 2027 మార్చి 31 వరకు, కొద్ది మినహాయింపులు తప్ప, విదేశీయులు పాత ఇళ్లు కొనకూడదు. ఈ రూల్స్ మారుతూ ఉంటాయి కాబట్టి కొనే నెలలో ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే చూడండి.

"రూల్ అడ్డమొస్తే ఇక్కడివాళ్ల పేరు మీద పెట్టేద్దాం, మీతో విడిగా ఒక కాగితం రాయిస్తాం" అని ఎవరైనా అంటే లేచి వచ్చేయండి. చట్టం ఒప్పుకోని ఏర్పాటుకు రాసుకున్న కాగితం కోర్టులో మిమ్మల్ని కాపాడదు సరికదా, తప్పు చేశారనడానికి సాక్ష్యంగా నిలబడుతుంది.

కొననివ్వడం వేరు, లోన్ ఇవ్వడం వేరు. జపాన్‌లో విదేశీయుడు ఇల్లు కొనడానికి పెద్దగా అడ్డంకి లేదు. అక్కడ నివాసం లేనివాళ్లకు బ్యాంకు లోన్ మాత్రం గగనమే. అలాగే మీ దేశం నుంచి డబ్బు ఎంతవరకు బయటకు పంపనిస్తారో కూడా ముందే కనుక్కోండి. చైనాలో ఒక మనిషికి ఏడాదికి 50,000 డాలర్ల కోటా ఉంది, అది కూడా విదేశంలో ఇల్లు కొనడానికి వాడకూడదు. భారత్‌లో ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్లు.

2. కాగితాలు

దీని మీద ఎక్కువ చెప్పను. పాస్‌పోర్ట్, గత రెండు మూడేళ్ల ఆదాయ పన్ను రిటర్నులు, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఉద్యోగం లేదా వ్యాపారం రుజువు, ఉన్న అప్పుల లెక్క. ఆ దేశపు పన్ను నంబరు కూడా కావాలి: స్పెయిన్‌లో ఎన్‌ఐఈ, పోర్చుగల్‌లో ఎన్‌ఐఎఫ్. అది లేనిదే చాలాచోట్ల పని ముందుకు కదలదు, అందుకే అన్నిటికంటే ముందు దానికే అప్లై చేయండి. అనువాదాలు గుర్తింపు ఉన్న అనువాదకుడితోనే చేయించాలి. తెలిసినవాళ్లు ఫ్రీగా చేసిపెట్టిన అనువాదం బ్యాంకులో చెల్లదు.

3. లోన్ ఎంత వస్తుంది, చేతి నుంచి ఎంత పెట్టాలి?

స్థానికులకు ఇంటి విలువలో 80 శాతం ఇచ్చే స్పెయిన్ బ్యాంకులు, అక్కడ నివాసం లేనివాళ్లకు సాధారణంగా 60 నుంచి 70 శాతం దగ్గర ఆగిపోతాయి. మిగతాది మీ చేతి డబ్బే. దాని పైన పన్నులు, ఫీజులు. జర్మనీలో ఇల్లు కొన్నందుకు కట్టే పన్ను ఒక్కటే రాష్ట్రాన్ని బట్టి 3.5 నుంచి 6.5 శాతం. ఫ్రాన్స్‌లో పాత ఇంటికి నోటరీ ఖర్చులు, పన్నులు కలిపి 7, 8 శాతం దాకా వస్తాయి. దుబాయ్‌లో రిజిస్ట్రేషన్ ఫీజు 4 శాతం. వీటిని లోన్‌లో కలుపుతారని ఆశ పెట్టుకోకండి.

అసలు చిక్కు ఇంకోటి ఉంది. బ్యాంకు చూసే విలువ మీరు ఒప్పుకున్న ధర కాకపోవచ్చు. బ్యాంకు వాల్యుయర్ వచ్చి ఇల్లు కొలిచి ఒక అంకె వేస్తాడు. ధర, ఆ అంకె రెండింటిలో ఏది తక్కువైతే దాని మీదే లోన్ ఇస్తారు. పాత ఇళ్లలో ఇది ఎలా కుంటుపడుతుందో చూడండి: రిజిస్ట్రీలో (ఆస్తుల ప్రభుత్వ రికార్డులో) ఇల్లు 84 చదరపు మీటర్లు అని ఉంటుంది. చూడటానికి 110 ఉంటుంది. టెర్రస్‌ను ఎప్పుడో గాజు తలుపులు పెట్టి గదిగా మార్చేశారు, వెనక స్విమ్మింగ్ పూల్ తవ్వారు, దేనికీ పర్మిషన్ లేదు. అమ్మేవాడు 110కి డబ్బు అడుగుతాడు, వాల్యుయర్ 84కే విలువ కడతాడు.

లెక్క వేద్దాం. ధర 2,00,000 యూరోలు, వాల్యుయేషన్ 1,70,000. 60 శాతం లోన్ అంటే మీరు 1,20,000 వస్తుందనుకున్నారు, వచ్చేది 1,02,000. ఉన్నట్టుండి 18,000 యూరోలు తేవాలి. ఆపాటికే బయానా ఇచ్చి ఉంటే మీ పని అయిపోయినట్టే.

స్పెయిన్‌లో దీనికి ఒక దారి ఉంది. గుర్తింపు ఉన్న వాల్యుయేషన్ కంపెనీతో మీరే రిపోర్టు చేయించుకోవచ్చు, గడువు దాటకపోతే దాన్ని ఏ బ్యాంకైనా ఒప్పుకోవాలి. కొన్ని వందల యూరోలు అవుతుంది. "అనవసరపు ఖర్చు" అని ఏజెంట్లు ఆపుతారు. వాళ్ల మాట వినకండి.

4. బయానా, అగ్రిమెంట్: ఇక్కడ మాత్రం నిదానంగా చదవండి

మిగతా స్టెప్పుల్లో తేడా వస్తే సరిదిద్దుకోవచ్చు. ఇక్కడ సంతకం పెట్టాక దిద్దుబాటు ఉండదు. స్పెయిన్, ఇటలీ, పోర్చుగల్‌లో తుది రిజిస్ట్రేషన్‌కు ముందు ఒక అగ్రిమెంట్ రాసుకుని, ధరలో ఎక్కువగా 10 శాతం బయానా ఇస్తారు. స్పెయిన్ సివిల్ కోడ్ 1454వ ఆర్టికల్ కింద రాసుకుంటే కొనేవాడు వెనక్కి తగ్గితే బయానా పోతుంది, అమ్మేవాడు తగ్గితే రెట్టింపు తిరిగివ్వాలి. ఇది చాలామందికి తెలుసు. తెలియనిది ఏంటంటే, ఆ బయానా ఈ రకందే అని అగ్రిమెంట్‌లో స్పష్టంగా రాసి ఉండాలి. లేకపోతే "బయానా వదులుకుని తప్పుకుంటాను" అనే హక్కు కూడా మీకు మిగలకపోవచ్చు. కొని తీరాల్సిందేనని, లేదా నష్టం కట్టమని అమ్మేవాడు కోర్టుకెక్కవచ్చు.

మరి బ్యాంకు లోన్ ఇవ్వనంటే? ఫ్రాన్స్‌లో చట్టమే మీ పక్షాన ఉంది. లోన్‌తో కొంటున్నానని చెప్పి అగ్రిమెంట్ రాసుకుంటే, నిజాయితీగా ప్రయత్నించినా లోన్ రాలేదని చూపించి బయానా పూర్తిగా వెనక్కి తీసుకోవచ్చు. సంతకం తర్వాత కొనేవాడికి 10 రోజుల ఆలోచన గడువు కూడా ఉంటుంది. ఒక్క జాగ్రత్త: "లోన్ తీసుకోను" అని మీ చేతిరాతతో రాసిచ్చారో, ఆ రక్షణ పోయినట్టే. డీల్ త్వరగా కుదురుతుందని ఏజెంటు ఈ సలహా ఇస్తుంటాడు. రాయకండి.

స్పెయిన్‌లో అలాంటి రక్షణ తనంతట తాను రాదు, అగ్రిమెంట్‌లో మీరే రాయించుకోవాలి. "లోన్ రాకపోతే బయానా వాపసు" అన్న ఒక్క వాక్యం సరిపోదు. ఎంత లోన్ రావాలి, వడ్డీ ఎంత దాటితే రానట్టు లెక్క, ఏ తేదీ లోపు, ఎన్ని బ్యాంకుల నుంచి నిరాకరణ లెటర్ చూపించాలి, వాల్యుయేషన్ తక్కువ వచ్చినా ఈ క్లాజు వర్తిస్తుందా, బయానా ఎన్ని రోజుల్లో ఏ అకౌంట్‌కు తిరిగొస్తుంది, ఇవన్నీ అంకెలతో సహా ఉండాలి. నా అనుభవంలో వాల్యుయేషన్ మాట లేని క్లాజుల మీదే గొడవలు ఎక్కువ. బ్యాంకు లోన్ ఇస్తానంది, తక్కువ ఇస్తానంది. అది నిరాకరణ కాదని అమ్మేవాడి లాయరు వాదిస్తాడు.

"నాకు ప్రీ అప్రూవల్ ఉంది కదా" అంటారు. ప్రీ అప్రూవల్‌లో బ్యాంకు మీ జీతం చూసింది, ఇంటిని చూడలేదు. ఇంటి కాగితాలు, వాల్యుయేషన్ అయ్యాక ఇచ్చే ఆఫర్ లెటరే లెక్క. దాన్ని నమ్ముకుని బయానా ఇవ్వవచ్చు, ప్రీ అప్రూవల్‌ను నమ్ముకుని ఇవ్వకూడదు.

గడువు విషయంలో మొహమాటపడకండి. స్పెయిన్‌లో లోన్ డాక్యుమెంట్లు చేతికొచ్చాక సంతకానికి కనీసం 10 రోజులు ఆగాలి, ఆ లోపే ఒకసారి నోటరీ దగ్గరకు వెళ్లి లోన్ షరతులు వివరించుకోవాలి. ఇది 2019 చట్టం. దానికి ముందు వాల్యుయేషన్, మీ కాగితాల పరిశీలన ఉన్నాయి. అందుకే 90 రోజులు అడగండి. 60 రోజుల గడువు మీద సంతకం పెట్టేవాళ్లు టెన్షన్‌ను కోరి తెచ్చుకుంటున్నట్టే.

బయానా ఎవరి అకౌంట్‌లో ఉంటుంది? అమ్మేవాడి సొంత అకౌంట్‌లోకి వద్దే వద్దు. నోటరీ దగ్గరో, లాయర్ల క్లయింట్ అకౌంట్‌లోనో (క్లయింట్ల డబ్బు విడిగా ఉంచే అకౌంట్) ఉండాలి. ఇక్కడే ఇంకో అపోహ: నోటరీ ఉన్నాడు కదా, లాయరు ఎందుకని. స్పెయిన్, ఫ్రాన్స్ లాంటి దేశాల్లో నోటరీ ఎవరి మనిషీ కాదు, ఒప్పందం చట్టప్రకారం ఉందా అని చూస్తాడు. ఒప్పందం మీకు నష్టమా లాభమా అన్నది అతని పని కాదు. మీ లాయరు మీకు వేరుగా ఉండాలి, ఏజెంటు చూపించిన లాయరు కాకూడదు. ఆ లాయరు వెంటనే తీయాల్సింది రిజిస్ట్రీ ఎక్స్‌ట్రాక్టు. స్పెయిన్‌లో దాని ఖర్చు పది యూరోల చుట్టుపక్కలే. ఓనరు ఎవరు, తాకట్టు ఉందా, కోర్టు జప్తు ఉందా, అన్నీ అందులో ఉంటాయి. అదే కాగితాన్ని సంతకం రోజు పొద్దున మళ్లీ తీయించండి.

నన్నడిగితే జర్మన్ల పద్ధతే మేలు. అక్కడ సాధారణంగా బయానా గొడవే లేదు. నోటరీ ముందు సంతకం అవుతుంది, మీ హక్కును కాపాడే నమోదు రిజిస్ట్రీలో పడ్డాక నోటరీ చెప్తాడు, అప్పుడే డబ్బు. ఇంగ్లండ్‌లో సంతకం చేసిన కాంట్రాక్టులు ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకునేదాకా ఇద్దరిలో ఎవరైనా తప్పుకోవచ్చు. ఆ అనిశ్చితిని అందరూ తిట్టుకుంటారు కానీ లోన్ తేలకముందే 10 శాతం పోగొట్టుకోవడం కంటే నయమే.

ఇంకొక్క మాట. డబ్బు పంపే రోజు దగ్గరపడగానే "అకౌంట్ నంబర్ మారింది" అని లాయరు పేరుతో మెయిల్ రావచ్చు. మెయిల్‌కు మెయిల్‌లో జవాబివ్వకండి. మీ దగ్గర ముందు నుంచీ ఉన్న ఫోన్ నంబరుకు కాల్ చేసి, అంకెలన్నీ నోటితో చదివించుకున్నాకే పంపండి.

5. ఏ కరెన్సీలో అప్పు?

నా రూల్ ఒకటే: జీతం ఏ కరెన్సీలో వస్తుందో అప్పు ఆ కరెన్సీలోనే. వడ్డీ ఒక శాతం తక్కువని వేరే కరెన్సీలో తీసుకున్నవాళ్లను చూడాలంటే హంగరీ, పోలండ్ వైపు చూడండి. 2008కి ముందు అక్కడ లక్షల కుటుంబాలు స్విస్ ఫ్రాంకుల్లో ఇంటి లోన్లు తీసుకున్నాయి. సంక్షోభంలో ఫ్రాంకు పెరిగింది, సొంత కరెన్సీలో కట్టాల్సిన వాయిదా ఉబ్బిపోయింది. చివరికి హంగరీ చట్టం తెచ్చి వాటిని తన కరెన్సీ ఫోరింట్లలోకి మార్చాల్సి వచ్చింది. పోలండ్‌లో ఆ అప్పులు అలాగే ఉండగా 2015 జనవరి 15న స్విస్ కేంద్ర బ్యాంకు యూరోకు 1.20 ఫ్రాంకుల హద్దును ఎత్తేసింది, ఫ్రాంకు నిమిషాల్లో ఎగిరింది.

జీతం ఒక కరెన్సీ, ఇల్లున్న దేశపు బ్యాంకు లోన్ ఇంకో కరెన్సీ అయితే, కనీసం ఏడాది వాయిదాలు ఆ దేశపు అకౌంట్‌లో ముందే వేసి ఉంచండి. యూరోపియన్ యూనియన్‌లో విదేశీ కరెన్సీ ఇంటి లోన్ తీసుకున్నవాళ్లకు 2014 డైరెక్టివ్ (సభ్య దేశాలన్నీ పాటించాల్సిన ఆదేశం) కొంత రక్షణ ఇస్తుంది: కరెన్సీ మార్చుకునే హక్కో, నష్టానికి పరిమితి పెట్టే ఇంకో ఏర్పాటో ఉండాలి. సంతకానికి ముందే మీ లోన్‌లో ఏది ఉందో అడగండి.

బయానాకు, తుది చెల్లింపుకు మధ్య ఉండే మూడు నెలలు కూడా తక్కువవి కావు. మిగిలిన 1,80,000 యూరోల మీద రేటు 5 శాతం కదిలితే 9,000 యూరోల తేడా. మీ చేతి డబ్బు వరకైనా ఫార్వర్డ్ కాంట్రాక్టుతో (తర్వాత మార్చుకునే కరెన్సీకి ఇవాళే రేటు రాసుకునే ఒప్పందం) రేటు ఖాయం చేసుకోండి. తర్వాత రేటు తగ్గి లాభం పోయిందే అనిపించవచ్చు, అనిపించినా ఫర్వాలేదు.

6. సంతకం, ఆ తర్వాత

స్వయంగా వెళ్లలేకపోతే పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వవచ్చు. ఈ ఒక్క ఇంటికి, ఈ ఒక్క ధరకు అని పరిమితం చేసి ఇవ్వండి. సంతకం అయ్యాక తాళాలు, కరెంటు, నీళ్ల మీటర్ రీడింగ్, ఇన్సూరెన్స్. అపార్ట్‌మెంట్ అయితే పాత ఓనరు మెయింటెనెన్స్ బాకీ లేదన్న సర్టిఫికెట్ సంతకానికి ముందే చూడాలి.

కొన్ని వారాల తర్వాత రిజిస్ట్రీ ఎక్స్‌ట్రాక్టు ఇంకోసారి తీసి మీ పేరు పడిందో లేదో చూసుకోండి. ఇక మిగిలింది పన్ను. స్పెయిన్‌లో ఇల్లు అద్దెకివ్వకుండా ఖాళీగా ఉంచినా, అక్కడ నివాసం లేని ఓనరు ఏటా 210 నంబరు ఫారంలో లెక్క చూపి పన్ను కట్టాలి. ఒక ఏడాదికి సంబంధించినది తర్వాతి ఏడాది డిసెంబరు 31 లోపు. ఎవరూ బిల్లు పంపరు, తారీఖు మీరే గుర్తుపెట్టుకోవాలి.