ఒడ్డున చచ్చిన సీల్ కనిపిస్తే ఏం చెయ్యాలి

మేం స్కాట్లండ్‌లో, డండీలో ఉంటాం. ఆదివారం కాస్త ఎండ వస్తే టే నది వంతెన దాటి టెంట్స్‌మ్యూర్ ఒడ్డుకి వెళ్తాం. మూడేళ్ల కిందట డిసెంబరులో మా చిన్నవాడు అక్కణ్ణించి పరిగెత్తుకొచ్చి, "అమ్మా, దాన్నెవరో కత్తితో కోసేశారు" అన్నాడు.

సీల్ పిల్ల. సీల్ అంటే నీళ్లలోనూ ఒడ్డునా తిరిగే సముద్ర జంతువు. మూతి దగ్గర మొదలైన గాయం మెడ చుట్టూ మెలి తిరిగి పొట్ట మీదుగా కిందికి దిగింది. అంచు బ్లేడుతో కోసినట్టు నున్నగా ఉంది. చర్మమూ, దాని కింద మందపాటి తెల్లటి కొవ్వూ కలిసి కండ నుంచి ఊడి వచ్చేశాయి. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. పిల్లల్ని తీసుకుని వచ్చేశాను, ఒక్క ఫొటో తియ్యలేదు. మర్నాడు వెళ్తే పోటుకి కొట్టుకుపోయింది. ఇలాంటిది మీ కంట పడితే నాలాగా వదిలేసి రాకండి.

ముందు బతికుందో లేదో దూరం నుంచే చూడండి. బతికుంటే దగ్గరికి వెళ్లొద్దు, నీళ్లలోకి అసలు తొయ్యొద్దు. కుక్క ఉంటే గొలుసు వెయ్యండి. ఆపదలో ఉన్న జంతువుల్ని కాపాడే సంస్థలు, బ్రిటిష్ డైవర్స్ మెరైన్ లైఫ్ రెస్క్యూకి గానీ, స్కాటిష్ ఎస్‌పీసీఏకి గానీ ఫోన్ చెయ్యండి. గ్రే సీల్ అనే జాతిలో తల్లి సుమారు మూడు వారాలు పాలిచ్చి వెళ్లిపోతుంది. కాబట్టి ఒంటరిగా ఉన్న ప్రతి పిల్లా ఆపదలో ఉన్నట్టు కాదు. ఆ సంగతి వాళ్లే తేలుస్తారు.

చచ్చిపోయి ఉంటే ముట్టుకోవద్దు, సీల్స్ నుంచి మనుషులకి అంటుకునే జబ్బులున్నాయి. ఫొటోలు తియ్యండి. మొత్తం ఒళ్లు కనిపించేలా ఒకటి, తల ఒకటి, తర్వాత గాయం. గాయం ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది, అంచు ఎలా ఉంది, ఇవన్నీ విడివిడిగా రావాలి. సైజు తెలియడానికి పక్కన నీళ్ల సీసా పెట్టండి. ముక్కుని దగ్గర్నుంచి ఫొటో తియ్యడం మరిచిపోవద్దు: ముక్కు రంధ్రాలు పక్కపక్కనే నిలువుగా, ఎడంగా ఉంటే గ్రే సీల్, కింద దగ్గరికి చేరుతూ ఉంటే హార్బర్ సీల్. ఈ టే ముఖద్వారంలో హార్బర్ సీల్స్ ఒకప్పుడు వందల్లో ఉండేవి, ఇప్పుడు పదుల్లోకి పడిపోయాయి. అందుకే ఏ జాతో తెలియడం ముఖ్యం.

ఫోన్‌లో లొకేషన్, టైము రాసుకుని ఒడ్డుకి కొట్టుకొచ్చిన సముద్ర జంతువుల వివరాలు సేకరించే స్కాటిష్ మెరైన్ యానిమల్ స్ట్రాండింగ్ స్కీమ్‌కి పంపండి. 1992 నుంచి వాళ్ల పని ఇదే. కుళ్లిపోయినదైనా పంపండి. పోస్ట్‌మార్టం చెయ్యాలో లేదో వాళ్లు చూసుకుంటారు.

ఒక్కటి మాత్రం రాయొద్దు: ఎవరు చంపారో. చూసింది చూసినట్టు రాస్తే చాలు. ఎందుకంటున్నానంటే, మెలి తిరిగిన ఈ గాయాలు ఇక్కడా, ఇంగ్లండ్‌లో నార్ఫోక్ తీరంలోనూ వరసగా కనిపించాయి. చుట్టూ గొట్టం బిగించిన ఓడ ప్రొపెల్లర్లే కారణమై ఉంటాయని సెయింట్ ఆండ్రూస్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు 2010లో నివేదిక ఇచ్చారు. అది తేలిగ్గా అన్న మాట కాదు. మైనంతో సీల్ బొమ్మలు చేసి చిన్న ప్రొపెల్లర్లలోకి పంపి చూస్తే అలాంటి గాయాలే పడ్డాయి.

తర్వాత 2014 డిసెంబరులో, ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న ఐల్ ఆఫ్ మే దీవిలో, ఒక పెద్ద మగ గ్రే సీల్ వారం రోజుల్లో ఐదు పిల్లల్ని పట్టి చంపి తినడం మనుషులు కళ్లారా చూశారు. అలాంటి గాయాలతోనే ఇంకో తొమ్మిది కళేబరాలు ఆ చుట్టుపక్కల దొరికాయి. కొరికి చీల్చితే చర్మం అలా మెలికగా చీలుతుందని పోస్ట్‌మార్టంలో తేలింది. అప్పుడు పాత కళేబరాల రికార్డులు తిరగేస్తే చాలా గాయాలు వీటితో సరిపోయాయి. ఎన్నో ఏళ్లుగా ఎవరెవరో ఓపిగ్గా పంపిన వివరాలు ఉండబట్టే అది కుదిరింది.

మాది ఉప్పాడ. చిన్నప్పుడు ఒడ్డుకి కొట్టుకొచ్చిన చచ్చిన తాబేళ్లను చూసి "వలలో పడింది" అని దాటిపోయేవాళ్లం. ఒక్కదాని గురించీ ఎవరికీ చెప్పింది లేదు.

ఇప్పుడు నా బ్యాగులో కుట్టుమిషను టేపు ఉంటుంది. ముట్టుకోకుండా పక్కన ఇసుక మీద పరిచి, ముక్కు నుంచి తోక దాకా నేను కొలుస్తాను. అంకె, టైము మా చిన్నవాడు రాస్తాడు.