సినిమా చూసి సినిమా రాయకుండా ఉండటం ఎలా

విజయవాడ, గుంటూరు వైపు షార్ట్ ఫిల్మ్‌లు తీసే పిల్లలు వాళ్ళ స్క్రిప్ట్‌లు నాకు పంపిస్తుంటారు. నేను కొన్ని చిన్న సినిమాలకి, రెండు సీరియల్స్‌కి రాశాను కాబట్టి చదివి చెప్తానని వాళ్ళ ఆశ. పోయిన నెల ఒక్క వారంలో నాలుగు వచ్చాయి, నాలుగూ ఒకటే కథ. హీరో ఊరికి తిరిగొస్తాడు, ఊళ్ళో పెద్దమనిషి భూములు లాక్కుంటుంటాడు, హీరోకి ఒక గతం ఉంటుంది, ఇంటర్వెల్‌లో ఆ గతం బయటపడుతుంది. పదిహేను నిమిషాల సినిమాకి ఇంటర్వెల్ ఏంటి నాన్నా అని అడిగితే "హై ఉండాలి కదన్నా" అన్నాడు ఒకబ్బాయి. వాళ్ళ నాన్న ఆటోనగర్‌లో లారీ బాడీలు కడతారు. వెల్డింగ్ నిప్పురవ్వల మధ్య పెరిగిన పిల్లాడు, స్క్రిప్ట్‌లో ఒక్క సీన్‌లో కూడా లారీ లేదు. నాకు కోపం రాలేదు, బాధేసింది. వాడికి చెప్పిందంతా ఇంకాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నా.

ముందు ఒక భయం వదిలించుకోవాలి. కొత్తదనం అంటే ఎవ్వరూ చెప్పని కథే చెప్పాలని పట్టుబట్టి కూర్చుంటే ఒక్క పేజీ కూడా ముందుకి కదలదు. గుండమ్మ కథ (1962) కన్నడంలో వచ్చిన మనె తుంబిద హెణ్ణు (1958) నుంచి తీసుకున్నదే. మిస్సమ్మ (1955) మూలం బెంగాలీ. మాయాబజార్ (1957) కథ 1936లోనే ఒకసారి తెలుగులో సినిమాగా వచ్చింది, పైగా ఘటోత్కచుడొచ్చి శశిరేఖ పెళ్ళి చెయ్యడం అనేది వ్యాస భారతంలో లేనే లేదు, జనం చెప్పుకున్న కథ. అయినా గుండమ్మని చూస్తే మనకి మన వీధిలో ఆవిడెవరో గుర్తొస్తుంది గానీ కన్నడ సినిమా గుర్తు రాదు. తెనాలికి చెందిన నిర్మాత చక్రపాణి గారూ, మాటలు రాసిన డి.వి. నరసరాజు గారూ ఆ కథని మన ఇంటి వసారాలోకి తెచ్చి కూర్చోబెట్టారు. కాబట్టి ఎక్కడి నుంచి తెచ్చారు అన్నది సమస్య కాదు, తెచ్చాక దాంట్లో మీరేం పోశారు అన్నదే చూసుకోవాలి.

ఇది కొలుచుకోడానికి నాకు ఇప్పటికీ పనికొచ్చేది ఆనందవర్ధనుడు చెప్పిన లెక్క. తొమ్మిదో శతాబ్దం కాశ్మీరం మనిషి, కవిత్వం గురించి తను రాసిన ధ్వన్యాలోకం చివర్లో, ఒక కవి కథ ఇంకో కవి కథలా ఉండటం మూడు రకాలు అంటాడు. మొదటిది అద్దంలో ప్రతిబింబం, దానికి సొంత ప్రాణం ఉండదు. రెండోది మనిషిని చూసి గీసిన బొమ్మ, రంగులు మారతాయి గానీ అదీ ప్రాణం లేనిదే. మూడోది ఒక మనిషి ఇంకో మనిషి పోలికలో ఉండటం, ఎవరి ప్రాణం వాళ్ళకుంటుంది. మొదటి రెండూ వదిలెయ్యమన్నాడు, మూడోది తప్పే కాదన్నాడు. వెయ్యేళ్ళ క్రితం మాట అది, ఇవాళ మన సినిమాలకి ఎంత సరిపోతుందో చూడండి. సీన్ టు సీన్ రీమేక్ అద్దంలో బొమ్మ. హీరో ఊరు మార్చి, పేరు మార్చి, మిగతాదంతా అలాగే ఉంచితే గీసిన బొమ్మ. మీ స్క్రిప్ట్ ఈ మూడిట్లో ఏదో మీకు మీరే నిజాయితీగా చెప్పుకోవాలి, పక్కన ఎవరూ ఉండరు కాబట్టి అబద్ధం చెప్పుకోవాల్సిన అవసరం కూడా లేదు.

చెప్పుకోడానికి తేలికైన పద్ధతి ఒకటుంది. స్క్రిప్ట్ ప్రింట్ తీసుకోండి, ఫోన్‌లో వద్దు, కాగితం మీదే. ఎర్ర పెన్ను, నీలం పెన్ను పెట్టుకోండి. ఏ సీన్ రాసేటప్పుడు మీ కళ్ళ ముందు ఏదో సినిమా షాట్ కదిలిందో దాని పక్కన ఎర్ర గీత, ఏ సీన్‌కి మీరు చూసిన మనిషో విన్న మాటో ఆధారమో దానికి నీలం గీత. నేను మొదటిసారి చేసినప్పుడు ఇరవై రెండు పేజీల్లో నీలం గీతలు మూడొచ్చాయి. ఆ మూడిట్లో ఒకటి మా అమ్మ గ్యాస్ బండ అయిపోయిందో లేదో చూడ్డానికి దాన్ని కొద్దిగా వంచి ఊపి చూసే సీను. ఎర్రగా ఉన్నవన్నీ కొట్టెయ్యమని చెప్పను, కథకి ఎముకలు కావాలి కదా, కానీ నీలం గీతలు సగానికి తక్కువుంటే షూటింగ్‌కి కెమెరా అద్దెకి తీసుకోవద్దు, ముందు ఊళ్ళోకెళ్ళండి.

ఎందుకిలా తయారైంది అంటే రాసేవాళ్ళ బద్ధకం ఒక్కటే కారణం కాదు. మన విజయవాడ గాంధీనగర్ ఒకప్పుడు ఆంధ్రా డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులతో కిటకిటలాడేది, అక్కడ అమ్మకం ఎలా జరుగుతుందో చూసినవాళ్ళకి తెలుసు. సినిమా తియ్యకముందే హీరో, డైరెక్టర్ కాంబినేషన్ చూసి ఏరియాల లెక్క మాట్లాడతారు, నైజాం అంటే తెలంగాణ ఇంత, సీడెడ్ అంటే రాయలసీమ ఇంత, కృష్ణా ఇంత, గుంటూరు ఇంత. ఇప్పుడు దానికి ఓటీటీ, శాటిలైట్, హిందీ డబ్బింగ్ లెక్కలు కూడా కలిశాయి. కథ చదివి డబ్బు పెట్టేవాడికంటే ఇంకో చోట ఆడిన సినిమా చూసి పెట్టేవాడికి ధైర్యం ఎక్కువ. టీవీ పరిస్థితి ఇంకా గట్టిది, వారంలో ఐదారు రోజులు ఎపిసోడ్ వెళ్ళాలి, ఆలోచించుకునే టైమే ఉండదు, అందుకే వేరే భాషలో రేటింగ్ వచ్చిన సీరియల్ తెచ్చుకుంటారు. కార్తీకదీపం మలయాళం కరుత్తముత్తు నుంచి వచ్చింది, ఇంటింటి గృహలక్ష్మి బెంగాలీ శ్రీమయి నుంచి, అదే హిందీలో అనుపమా అయింది. రాసేవాళ్ళని తప్పు పట్టను, ఆ టేబుల్ దగ్గర నేనూ కూర్చున్నా, రేపటి షూట్‌కి రాత్రి పదకొండింటికి సీన్ పేపర్ పంపించిన రోజులు చాలా ఉన్నాయి. కానీ షార్ట్ ఫిల్మ్ తీసే మీకు ఏ ఛానలూ టైమ్ పెట్టలేదు, ఏ బయ్యరూ అడగట్లేదు. మీకున్న ఆ స్వేచ్ఛని మీరే చేతులారా పారేసుకుంటుంటే చూడలేకపోతున్నా.

సరే, ఊళ్ళోకెళ్ళి ఏం చెయ్యాలి. ఒక పని జరిగే చోటు ఎంచుకోండి, ప్రేమ, పగ, త్యాగం లాంటివి కాదు, పని. ఎందుకంటే మనిషి పనిలో ఉన్నప్పుడు సినిమా లాగా ఉండలేడు, చేతులు ఖాళీగా ఉండవు. దృశ్యం చూడండి, మలయాళంలో 2013లో వచ్చి తెలుగు, కన్నడ, తమిళం, హిందీ, చివరికి చైనా దాకా వెళ్ళింది. అందులో హీరో కేబుల్ టీవీ నడిపేవాడు, పొద్దస్తమానం సినిమాలు చూస్తాడు, తెలిసిందంతా అక్కడ నేర్చుకున్నదే, ఆ పనే అతన్ని కాపాడుతుంది. అదే మనిషికి స్కూల్ మాస్టారు ఉద్యోగం ఇచ్చి చూడండి, కథ నిలబడదు. మన స్క్రిప్టుల్లో హీరో ఏం పని చేస్తాడో మార్చేసినా ఒక్క సీనూ మారదు, అక్కడే తెలిసిపోతుంది ఆ మనిషి ఎవరో రాసినవాడికే తెలీదని.

నా సంగతి చెప్తా. గుంటూరు మిర్చి యార్డు మీద ఒక కథ రాశాను, హమాలీ కొడుకు హీరో, వ్యాపారి విలన్, యార్డులో బస్తాల మధ్య ఫైటు, ఎర్ర కారం గాల్లోకి లేస్తుంది, స్లో మోషన్. బాగా వచ్చిందనుకున్నా. మా నాన్నకి వరసకి తమ్ముడు, యార్డులో హమాలీల ముఠాలో పనిచేసిన బాబాయి, ఆయనకి చదివి వినిపించాను. మొత్తం విని "బానే ఉంది గానీ అబ్బయా, మీవాడు టిక్కీని కొక్కెం లేకుండా ఎట్టా లేపాడు?" అన్నాడు. టిక్కీ అంటే మిర్చి బస్తా, నాకు దాన్ని లేపే కొక్కెం సంగతే తెలీదు. తర్వాత ఇంకో మాటన్నాడు, "ఆ కారం గాల్లోకి లేస్తే కొట్టుకునేదెవరురా, ఇద్దరూ దగ్గుకుంటా బయటికి పరిగెత్తుతారు." నేను పుట్టిన జిల్లా, తిన్న కారం, ఆ ఘాటు ఒంటికి తెలిసి కూడా కాగితం మీద ఎక్కడో చూసిన ఫైటు రాశాను. మర్నాడు పొద్దున్నే ఆయన వెంట యార్డుకెళ్ళా.

అక్కడ నాలుగు గంటలు ఊరికే కూర్చున్నా, అదే మీరూ చెయ్యండి. మొదటి గంట మీకేం కనపడదు, ఎర్రగా కుప్పలు, లారీలు, అరుపులు, అంతే. సీజన్లో రోజుకి లక్ష టిక్కీలు పైన దిగే చోటు అది, ఒక్కో టిక్కీ 40 కిలోల పైమాటే, తల తిరిగిపోతుంది. రెండో గంటలో మనుషులు విడిపోతారు. రైతు ఎవరో, కమీషన్ కొట్టు గుమాస్తా ఎవరో, ఎగుమతి వ్యాపారి తరఫున కాయ చూసేవాడు ఎవరో తెలుస్తుంది. ఆ కాయ చూసేవాడు బస్తాలోంచి గుప్పెడు తీసి, ఒక కాయ విరిచి, రంగు చూసి, అరచేతిలో నలిపి వాసన చూసి కింద పడేసి ముందుకెళ్ళిపోతాడు, ధర చెప్పకుండానే. ఆ పడేసిన కాయల్ని ఒక పెద్దాయన వంగి ఏరి మళ్ళీ బస్తాలో వేసుకోవడం చూశా. ఆరు కాయలో ఏడు కాయలో. ఆరు నెలలు నీళ్ళు పెట్టి, మందులు కొట్టి, కూలీలతో కోయించి, కల్లంలో ఎండబెట్టి తెచ్చిన పంటలో ఏడు కాయలు. ఆయన మొహంలో ఏడుపేం లేదు, మామూలుగా ఏరుకున్నాడు. నా ఫైటు సీను ఆ క్షణంలోనే చచ్చిపోయింది.

కూర్చున్నప్పుడు నోట్‌బుక్‌లో ఏం రాసుకోవాలి అని అడుగుతారు అందరూ. డబ్బు ఎప్పుడు, ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి వెళ్తుందో రాయండి, రైతుకి డబ్బులు ఆ రోజే చేతికొస్తాయా, తర్వాత రమ్మంటారా, ఆ లోపు ఊళ్ళో అప్పులోడికి ఏం చెప్పుకుంటాడు. చేతులు ఏం చేస్తున్నాయో రాయండి, తొడిమలు తీసే ఆడవాళ్ళు ఇంటికెళ్ళాక పిల్లాడి మొహం తుడవాలంటే ఆ చేత్తో తుడవలేరు, దాని మీదే ఒక సినిమా తియ్యొచ్చు. వాళ్ళు వాడే మాటలు వాళ్ళు అన్నట్టే రాయండి, తేజ, బ్యాడిగి, 334 లాంటి మిర్చి రకాల పేర్లు, తాలు కాయలు అంటే రంగు పోయిన నాసి కాయలు, కాటా అంటే తూకం, ముఠా, మచ్చు అంటే శాంపిల్. మాట తెలీకపోతే అడగండి, ఎవరూ విసుక్కోరు, తమ పని గురించి అడిగేవాళ్ళు వాళ్ళకి దొరకరు. ఫోన్ తీసి వీడియో తియ్యడం మాత్రం మొదటి రోజు వద్దు, ఫోన్ చూడగానే మనుషులు సినిమా మనుషులైపోతారు.

ఆ తర్వాత ఒకే ప్రశ్న వేసుకోండి, ఈ చోట తప్ప ఇంకెక్కడా రాని ఇబ్బంది ఏంటి? భూమి లాక్కోవడం ఎక్కడైనా జరుగుతుంది. కానీ ధర వస్తుందని కోల్డ్ స్టోరేజీలో పెట్టిన కాయ, దాని మీద తీసుకున్న అప్పు, నెలనెలా పెరిగే వడ్డీ, ఇటు కూతురి పెళ్ళి ముహూర్తం, ఇవాళ అమ్మితే నష్టం రేపటి దాకా ఆగితే ఇంకా నష్టమేమో, ఈ ముడి గుంటూరు లాంటి మిర్చి ఊళ్ళలోనే ఇలా పడుతుంది. విలన్ కూడా అక్కర్లేదు. విజయవాడ వాళ్ళకైతే 2024 సెప్టెంబర్ బుడమేరు వరద చాలు, సింగ్‌నగర్‌లో కింద వాటాలో అద్దెకుండేవాళ్ళు, పై వాటాలో ఓనరు, నీళ్ళొచ్చాక అందరూ ఒకే మేడ మీద. అద్దె బాకీ ఉన్నవాడూ, అది అడగాల్సినవాడూ ఒకే పాల ప్యాకెట్ పంచుకోవాలి. మళ్ళీ చెప్తున్నా, విలన్ అక్కర్లేదు.

మాటల సంగతి కొంచెం. మన కృష్ణా గుంటూరు యాసే సినిమా భాష అనుకుని దశాబ్దాలపాటు మిగతా యాసల్ని కామెడీకి వాడారు, అది అన్యాయం. కానీ ఆ సినిమా భాష మనది కూడా కాకుండా పోయింది, అది డబ్బింగ్ థియేటర్ భాష. మా వైపు ఎవరూ "నువ్వు నన్ను అర్థం చేసుకోవట్లేదు" అనరు, "నీకెట్టా చెప్పాలే" అని కండువా దులుపుకుని లేచి వెళ్ళిపోతారు. రాసిన డైలాగ్‌ని మీ ఇంట్లో పెద్దవాళ్ళకి కథ చెప్పకుండా ఒక్క లైన్ చదివి వినిపించండి, ఎవరు ఎవరితో అన్న మాటో వాళ్ళు చెప్పగలిగితే అది మనిషి మాట.

ఎక్కడైనా కథ చెప్పడానికెళ్తే మొదటి మాటే "రిఫరెన్స్ ఏంటి, ఏ సినిమా లాగా ఉంటుంది" అని అడుగుతారు. ఒక ఆఫీసులో నేను ఏ సినిమా లాగా ఉండదండి అన్నాను, ఐదు నిమిషాల్లో టీ తాగించి పంపేశారు. ఇప్పుడు అలా అనను. టోన్ కోసం ఒక సినిమా పేరు చెప్తా, వెంటనే ఆ ఏడు కాయలు ఏరుకున్న సీను చెప్తా. పేరు విని కుదుటపడతారు, సీను విని ముందుకి వంగుతారు. మీరూ అలాంటి సీను ఒకటి నోటికి సిద్ధంగా పెట్టుకోండి, రెండు నిమిషాలు దాటకూడదు.

మీ కథ ఎవరైనా ఎత్తుకుపోతారన్న భయం గురించి క్లుప్తంగా. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది, ఆలోచనకి కాపీరైట్ ఉండదు, దాన్ని మీరు రాసిన తీరుకే ఉంటుంది. కాబట్టి ఒక్క లైన్ ఐడియా పట్టుకుని తిరగకండి, పూర్తిగా రాయండి, తేదీతో మెయిల్‌లో దాచుకోండి, వీలైతే రచయితల సంఘంలోనో కాపీరైట్ ఆఫీసులోనో రిజిస్టర్ చేయించుకోండి. చూసి రాసుకున్న వివరాలు ఎంత ఎక్కువుంటే ఎత్తుకుపోయినా అంత తొందరగా దొరికిపోతారు.

తీశాక మొదట ఫ్రెండ్స్‌కి చూపించకండి, వాళ్ళు బాగుందంటారు. ఎవరి పని తీశారో వాళ్ళకి చూపించండి, ఎడిటింగ్ పూర్తవకముందే. యార్డు మీద తీసిన నా షార్ట్ ఫిల్మ్‌ని నేను బాబాయికి ఫోన్‌లోనే చూపించా, కళ్ళజోడు పెట్టుకుని పన్నెండు నిమిషాలూ కదలకుండా చూశాడు. కాయలు ఏరే సీను దగ్గర ఫోన్ నా చేతికిచ్చి "మళ్ళీ పెట్టు" అన్నాడు. రెండోసారి చూసి, కాటా దగ్గర నిలబడ్డ కుర్రాడు తప్పు వైపు నిలబడ్డాడని చెప్పాడు. అలాంటివి చెప్తే అక్కడే రాసుకోండి, మళ్ళీ తీసే వీలుంటే తియ్యండి. యార్డుకి శని ఆదివారాలు సెలవు, ఎండాకాలంలో కొన్ని వారాలు మొత్తం మూసేస్తారు, కాబట్టి ఫిబ్రవరిలోనే మొదలెట్టండి, ముక్కుకి తడిగుడ్డ తీసుకెళ్ళండి.