పారాయణ బృందంలో చేరాక: పదిమందితో విష్ణు సహస్రనామం చెబుతూ ఎదగడం ఎలా

విష్ణు సహస్రనామం రోజూ చదవాలని పుస్తకం కొనుక్కున్నవాళ్లలో చాలామంది నెల తిరక్కుండానే ఆపేస్తారు. భక్తి చాలక ఆపరు. నోరు తిరగని చోట పట్టి చెప్పేవాళ్లుండరు, మానేసిన రోజు అడిగేవాళ్లుండరు, అర్థం తెలియని మాటలు అరగంటసేపు చదువుతుంటే మనసు వంటింటి మీదికో ఆఫీసు మీదికో పోతుంది. బృందంలో చేరితే ఈ మూడూ చక్కబడతాయి. అయితే చేరినంత మాత్రాన చక్కబడవు. పదేళ్లుగా శనివారం తప్పకుండా వస్తూ, పుస్తకం మూస్తే నాలుగు శ్లోకాలు కూడా సొంతంగా చెప్పలేనివాళ్లు ప్రతి కాలనీలోనూ ఉంటారు. శనివారం గంట మిగతా ఆరు రోజుల్లోకి పాకుతోందా లేదా అన్నదే కొలత.

ముందు కుదుర్చుకోవలసినవి

మొదలుపెట్టడానికి ఐదుగురు చాలు. పదిహేను దాటితే దిద్దడం కష్టం. రోజు, వేళ మారకూడదు. ఏకాదశికే పెట్టుకుంటే వారం మారుతూ ఉంటుంది కాబట్టి ఉద్యోగస్తులు రెండు నెలల్లో జారిపోతారు. వారానికొక స్థిరమైన రోజు పెట్టుకుని, వీలున్నవాళ్లకు ఏకాదశి అదనం అనుకోవడం మేలు.

ముందు వచ్చే పూర్వపీఠిక, ధ్యానం, వెయ్యి నామాల స్తోత్రం, చివర వచ్చే ఉత్తరపీఠిక కలిపి మధ్యస్థ వేగంతో చెబితే 30 నుంచి 35 నిమిషాలు పడుతుంది. ఆరున్నరకు దీపం వెలిగితే ఏడూ పదికల్లా పారాయణం ముగియాలి. తరువాత 15 నిమిషాలు తప్పులు దిద్దుకోవడం, 10 నిమిషాలు నామార్థం, ఆపైన హారతి, ప్రసాదం. ఏడూ ముప్పావుకు చెప్పులు వేసుకోవాలి. ఈ గంటంబావుకు మించనివ్వకండి. ఒకరు హనుమాన్ చాలీసా కలుపుదామంటారు, ఇంకొకరు లింగాష్టకం, మరొకరు లలితా సహస్రనామం. ఏదీ కాదనలేం, అన్నీ మంచివే. ఏడాది తిరిగేసరికి కార్యక్రమం రెండున్నర గంటలవుతుంది, చిన్నపిల్లల తల్లులు ముందుగా మానేస్తారు. ఒక్క స్తోత్రానికే కట్టుబడితే స్మార్తులు, వైష్ణవులు, సాయి భక్తులు పేచీ లేకుండా ఒక జంఖానా మీద కూర్చోగలరు.

అందరి చేతిలోనూ ఒకే ప్రచురణ, పెద్దక్షరాల పుస్తకం ఉండాలి. ఒక్కో ప్రచురణలో పదాలు విడగొట్టే తీరు, ధ్యాన శ్లోకాల వరుస వేరు. ‘వనమాలీ గదీ శార్ఙ్గీ’ శ్లోకాన్ని కొందరు రెండుసార్లు చెబుతారు, కొందరు మూడుసార్లు. ముందే తేల్చుకోకపోతే ప్రతి వారం అక్కడే గొంతులు చెదురుతాయి.

చెప్పే తీరు

సహస్రనామం అనుష్టుప్పులో నడుస్తుంది. పాదానికి 8 అక్షరాలు, శ్లోకానికి 32. ఊపిరి పీల్చుకోవలసింది 16 అక్షరాల దగ్గర, అంటే సగం శ్లోకం అయ్యాక. గుక్కతిప్పుకోకుండా శ్లోకం మొత్తం లాగేవాళ్లు ఇద్దరుంటే చాలు, మిగతావాళ్లు వాళ్ల వెంట పరుగెత్తుతారు. ఉత్తరపీఠిక వచ్చేసరికి రైలు తప్పిపోతున్నట్టు ఉంటుంది. దీనికి విరుగుడు వంతులు. రెండు వరుసలుగా ఎదురెదురుగా కూర్చుని, ఒక శ్లోకం ఈ వరుస, తరువాతి శ్లోకం ఆ వరుస చెప్పాలి. ఎదుటి వరుస చెబుతున్నప్పుడు మీరు వింటారు. మీ తప్పు మీకు తెలిసేది చాలాసార్లు అప్పుడే. నడిపించేవారు శ్రుతి కూడా కాస్త కిందే ఎత్తుకోవాలి, లేకపోతే సగానికే గొంతులు బొంగురుపోతాయి.

కొత్తవాళ్లకు సంత చెప్పించండి. నడిపించేవారు అర్ధ శ్లోకం ఒకసారి చెబితే, నేర్చుకునేవారు రెండుసార్లు అనాలి. స్తోత్ర భాగంలో ఉన్నవి 108 శ్లోకాలు. వారానికి 4 చొప్పున నేర్చుకుంటే 27 వారాలు, అంటే ఆరు నెలల పైచిలుకు. తొందరపడి ఆడియో వింటూ నేర్చుకున్నవాళ్లకు రాగం పట్టుబడుతుంది, అక్షరం జారుతుంది. తరువాత దిద్దడం మొదటిసారి నేర్పడం కంటే కష్టం.

మన నోళ్లలో ఎక్కువగా జారేవి ఒత్తులు, శ-ష-స తేడాలు, విసర్గలు. ‘భూతకృత్’, ‘భూతభృత్’ రెండు వేరు వేరు నామాలు. రెండోచోట ‘భృ’ తేలిపోతే ఒక నామం మాయమైనట్టే. మొదటి అక్షరంలో ఒత్తు పోతే ఏమవుతుందో తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు! ‘సర్వః శర్వః శివః స్థాణుః’ అన్నచోట సర్వః 25వ నామం, శర్వః 26వది. అన్నీ తానే అయినవాడు ఒకటి, ప్రళయంలో అన్నిటినీ లయం చేసేవాడు మరొకటి. రెండూ ‘సర్వః’ అనేస్తే రెండు నామాలు ఒకటైపోతాయి. ‘భూతభవ్యభవత్ప్రభుః’ మొత్తం కలిపి ఒకటే నామం, మధ్యలో ఆగకూడదు. ఇలాంటి చోట్ల పుస్తకంలో పెన్సిల్‌తో చిన్న గీత పెట్టుకోండి.

దిద్దడానికి ఒక మర్యాద ఉంది. పారాయణం నడుస్తుండగా ఎవరినీ ఆపకూడదు. ముగిశాక, ఒక మనిషికి ఒక వారంలో రెండు తప్పులకు మించి చెప్పకూడదు. పెద్దావిడను దిద్దాల్సి వస్తే “మీరు తప్పు చదువుతున్నారు” అనకుండా “పిన్నిగారూ, ఈ శ్లోకం ఒకసారి కలిసి చెప్పుకుందామండీ” అంటే సరిపోతుంది. ఆవిడకు విషయం అర్థమవుతుంది, పక్కవాళ్లకు అక్కర్లేదు. దిద్దించుకునేవాళ్లకూ ఇది సాధనే. ఇరవై ఏళ్లుగా చదువుతున్న శ్లోకంలో నిన్నగాక మొన్న చేరిన అమ్మాయి తప్పు పట్టినప్పుడు “అలాగేనమ్మా” అని పెన్సిల్ తీసుకోవడం అంత తేలికేమీ కాదు. ఒంటరి పారాయణంలో ఈ అవకాశమే రాదు.

నామాన్ని ఇంటికి తీసుకెళ్లడం

పది నిమిషాల నామార్థం వదిలేస్తే బృందం నోటి వ్యాయామశాల అవుతుంది. వారానికొకరు వంతు తీసుకోవాలి. ఒక నామం ఎంచుకుని, సహస్రనామానికి శంకరులు రాసిన భాష్యంలోనో, పరాశర భట్టరు రాసిన వైష్ణవ వ్యాఖ్య భగవద్గుణదర్పణంలోనో ఏం చెప్పారో తెలుగు అనువాదంలో చూసుకుని వచ్చి ఐదు నిమిషాలు చెప్పాలి. మిగిలిన ఐదు నిమిషాలు ప్రశ్నలకు. వరుసగా వారానికొక నామం చెప్పుకుంటూ పోతే వెయ్యి నామాలకు 19 ఏళ్లు పైనే పడుతుంది, ఐదేసి అయితే నాలుగేళ్ల లోపు. పూర్తిచేయాలన్న ఆరాటం వద్దు. కొత్తవాళ్లకు జీవితానికి దగ్గరగా ఉన్నవి ముందు ఇవ్వండి.

ఉదాహరణకు 747వ నామం ‘అమానీ’, 748వది ‘మానదః’. తనకు అభిమానం లేనివాడు, ఇతరులకు గౌరవం ఇచ్చేవాడు. ఆ వారం అందరూ ఇంట్లో ఒక పని పెట్టుకోవచ్చు: రోజుకు ఒకసారైనా ఎదుటివాళ్లు చేసిన పనిని పేరు పెట్టి మెచ్చుకోవడం, తాము చేసిన పనిని చెప్పుకోకుండా ఊరుకోవడం. ‘సహిష్ణుః’ వచ్చిన వారం, మాట అనిపించుకున్న వెంటనే బదులు చెప్పకుండా ఉండటం. వచ్చే శనివారం ఎవరైనా చెప్పదలచుకుంటే రెండు మాటల్లో చెప్పాలి, అందరినీ బలవంతంగా అడగకూడదు. అడిగితే కథలు అల్లడం మొదలవుతుంది.

ఇంట్లో రోజువారీకి ఒక కనీసం పెట్టుకోండి. మొత్తం చదవలేని రోజు కొత్తగా నేర్చుకున్న 4 శ్లోకాలైనా చదవాలి. ప్రయాణంలోనో ఆసుపత్రిలోనో ఉంటే ‘శ్రీరామ రామ రామేతి’ శ్లోకం మూడుసార్లు. ఎన్ని పారాయణాలయ్యాయో లెక్క రాసుకోవచ్చు, కానీ అది మీ పుస్తకంలోనే ఉండాలి. వాట్సాప్ గ్రూపులో “నాది 108 పూర్తి” అని ఒకరు పెట్టగానే మిగతావాళ్లు వేగం పెంచుతారు, ఒత్తులు ఎగిరిపోతాయి. గ్రూపులో తేదీ, ఎవరిల్లు, ఎవరు రావడం లేదు అన్న మూడు విషయాలు తప్ప గుడ్ మార్నింగ్ బొమ్మలతో సహా ఏదీ వద్దు.

చెడేది ఎక్కడ

పారాయణం వల్ల ఏ బృందమూ విడిపోదు. ప్రసాదం, పెత్తనం, పైకం, వీటిలో ఒకదాని దగ్గరే మొదలవుతుంది.

ఇళ్ల వంతుల్లో ఒకరు గుగ్గిళ్లు పెడితే తరువాతివారు పులిహోర, ఆ తరువాత పులిహోరతో పాటు గారెలు, పాయసం. నాలుగో ఇల్లు వంతు రాకముందే ఏదో సాకు చెప్పి తప్పుకుంటుంది. ఒకే రకం, దొప్పలో పట్టేంత, అన్నది మొదటి రోజే నియమంగా పెట్టండి. పదిహేను మందికి అర కిలో శనగలు ముందురోజు రాత్రి నానబోస్తే ధారాళంగా సరిపోతాయి. అది కూడా వీలుకాకపోతే అరటిపండు.

నడిపించే పని నెలనెలా మారాలి. ఈ నెల నడిపించినవారు వచ్చే నెల జంఖానాలు పరిచి, చెప్పులు సర్ది, దీపపు కుందులు తోమాలి. ఈ ఒక్క నియమంతో సగం పెత్తనం పోతుంది. చందాలు అసలు లేకపోతేనే మంచిది. తప్పనిసరైతే ఇద్దరి దగ్గర లెక్క ఉండి, నెలాఖరున పైకి చదవాలి. ఒకే రంగు చీరలు, గుడి వేదికల మీద కార్యక్రమాలు వద్దని ఎవరూ అనరు గాని, అవి మొదలయ్యాక శనివారం పారాయణం రిహార్సల్‌గా మారడం మామూలే. ఏడాదికి ఒకటి రెండు చాలు.

ఎవరైనా వరసగా రెండు వారాలు రాకపోతే ఒక్కరే ఫోన్ చేయాలి. “ఎందుకు రాలేదు” అనకుండా “ఒంట్లో బాగుందా అండీ” అనాలి. మైల, నెలసరి లాంటి విషయాల్లో ఎవరింటి ఆచారం వాళ్లది, బృందం ఆరా తీయకూడదు. ఒకరింట్లో కష్టం వచ్చినప్పుడు పుస్తకాలు లేకుండా నలుగురు వెళ్లి కాసేపు కూర్చుని రావడం ఏ పారాయణానికీ తీసిపోదు.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి జూమ్‌లో కలిసేవాళ్లకు ఒక మాట. ఒక్కొక్కరి గొంతు ఒక్కో ఆలస్యంతో చేరుతుంది కాబట్టి అందరూ కలిసి చెప్పడం కుదరదు, గోలవుతుంది. ఒకరు చెబుతుంటే మిగతావారు మైకులు ఆపి వాళ్లింట్లో వాళ్లు చెప్పుకోవాలి. లేదా పేర్ల వరుస రాసుకుని తలా ఒక శ్లోకం చెప్పాలి. రెండోదే నయం, ఎవరూ దాక్కోలేరు.

మూడు నెలలకొకసారి మీకు మీరే చూసుకోండి. బృందం లేని రోజున ఎన్నిసార్లు చదివారు, అర్థం చెప్పగలిగే నామాలు ఎన్ని పెరిగాయి, నడిపించే వంతు ఇంకొకరికి వెళ్లినప్పుడు లోపల ఏమనిపించింది. మూడో ప్రశ్నకు జవాబు ఎవరికీ చెప్పనక్కర్లేదు.

సంఖ్య పదిహేను దాటితే రెండుగా విడిపోండి, అలిగి విడిపోయేదాకా ఆగకండి. స్నేహాలను బట్టి పంచుకుంటే పాతవాళ్లంతా ఒకవైపే పోగవుతారు. వీధులను బట్టి పంచుకుని, బాగా వచ్చినవారు ఇద్దరు చొప్పున చెరొకవైపు ఉండేలా చూడండి. సహస్రనామం ధర్మరాజు అడిగితే భీష్ముడు అంపశయ్య మీద నుంచి చెప్పినది కాబట్టి, మాఘ శుద్ధ భీష్మ ఏకాదశి నాడు రెండు బృందాలూ ఒకచోట కూర్చోవచ్చు. ఆ రోజుకు ఎవరిల్లన్నది, ప్రసాదం ఎవరిదన్నది సంక్రాంతికల్లా తేల్చేసుకోండి.